జక్కయ్య కుడిచెయ్యి

మలుపు తిరిగేముందు జక్కయ్య కుడిచెయ్యి చాపుతాడు. కారులో ఉంటే అద్దం దించి, మోచెయ్యి వంగకుండా, అరచెయ్యి ముందుకి పెట్టి చాపుతాడు. కారులో లేకపోయినా చాపుతాడు. గుణదలలో తన ఇంటి సందులోకి నడిచి తిరిగేటప్పుడూ అంతే. చర్చిలో దివ్యసత్ప్రసాదం పుచ్చుకుని బెంచీవైపు తిరిగేటప్పుడూ అంతే. వెనక వరసలో వస్తున్న ఆడవాళ్లు ఆగి, ముసుగు చాటున నవ్వుకుంటారు. ఎడమకి తిరగాలంటే అదే చేతిని గాలిలో గుండ్రంగా తిప్పుతాడు. వంటింట్లోంచి వసారాలోకి వచ్చేటప్పుడు కంచం ఎడమచేతిలోకి మార్చుకుని మరీ చాపుతాడు. ఆ గుమ్మం దగ్గర తల వంచి నడవడం భార్య అమలమ్మ పెళ్లైన మొదటి నెలలోనే నేర్చుకుంది.

నలభై ఏడేళ్ల మనిషి. స్టీరింగు పట్టుకుని ఇరవైమూడేళ్లయింది. మొదట మిషను వ్యాను. ఒక ఇటాలియను ఫాదరు నేర్పాడు. ఫాదరు తెలుగు నేర్చుకునేలోపే జక్కయ్య డ్రైవింగు నేర్చుకున్నాడు కనుక పాఠాలన్నీ చేతులతోనే జరిగాయి. వ్యాను ముసలిదయ్యాక గవర్నర్‌పేటలో బట్టల కొట్టున్న వెంకటప్పయ్యగారి అంబాసిడరు టాక్సీకి కుదిరాడు. పదకొండేళ్లుగా అదే బండి. ఇరవైమూడేళ్లలో ఒక కుక్కపిల్లని కూడా గుద్దలేదు. ఈ సంగతి తనంతట తను చెప్పడు. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తాడు. ఎవరూ అడగరు.

ఊరి నడక వేరు. లారీల్లో బ్రేకు చెయ్యవలసిన పని హారను చేసేది. సిటీబస్సు ఆగేది కాదు, నెమ్మదించేది. దిగడమూ ఎక్కడమూ ఎవరి అదృష్టం వాళ్లది. రిక్షాలకి రోడ్డు రెండు పక్కలా ఒకటే. స్కూటరువాడు ముందు తిరుగుతాడు, తిరిగాక వెనక్కి చూస్తాడు, అదీ తిట్టడానికి. అది పందొమ్మిది వందల డెబ్భై ఆరు. క్రమశిక్షణ గురించి గోడలనిండా రాసి ఉన్న రోజులు. గోడలు పాటించాయి.

ఆ జూలైలో ఒక ఉదయం, మబ్బు పట్టి ఉంది. జక్కయ్య రైల్వేస్టేషనులో ఒక లాయరుగారిని ఎక్కించుకుని ఏలూరు రోడ్డు మీద వస్తున్నాడు. గవర్నర్‌పేటలోకి కుడికి తిరగాలి. వేగం తగ్గించాడు. చెయ్యి చాపాడు. వెనక ఒక ఖాళీ లారీ వస్తోంది. కొల్లేటి చేపల పెట్టెలు హౌరా మెయిలుకి వేసి తిరిగిపోతున్న లారీ. హారను కొట్టింది. జక్కయ్య చెయ్యి తియ్యలేదు. ఇంకా దగ్గరగా కొట్టింది. చివరి క్షణంలో చెయ్యి లోపలికి లాక్కున్నాడు. లారీ వచ్చి కుడివైపు వెనక తలుపుని లోపలికి నొక్కేసింది.

లారీలోంచి లుంగీ బిగించుకుంటూ ఒక కుర్రవాడు దూకాడు. పాతికేళ్లుంటాయి. ముంజేతుల మీద చేప పొలుసులు మెరుస్తున్నాయి. పేరు రాముడు.

"దెబ్బేం తగల్లేదు కదండీ?"

"చెయ్యి కనపళ్లేదా?" అన్నాడు జక్కయ్య.

"ఎందుకు కనపళ్లేదండీ, శుభ్రంగా కనపడింది."

"మరి?"

"వాన చినుకులేమైనా పడతన్నాయేమోనని చూసుకుంటున్నారనుకున్నానండి."

జక్కయ్య తలెత్తి మబ్బు వైపు చూశాడు. రాముడే మళ్లీ అన్నాడు. "ఈ ఊళ్లో కారులోంచి చెయ్యి బయటికొస్తే ఇంకెందుకొస్తదండీ? ఉమ్మేసేవాళ్లయితే తలకాయ పెడతారు."

ఇరవైమూడేళ్లుగా ఊరంతా అలాగే అనుకుంటోందా అన్న ఆలోచన జక్కయ్యకి మొదటిసారి వచ్చింది. చుట్టూ జనం చేరారు. ఎవరో "సాక్షి" అన్నారు. ఆ మాట వినపడగానే లాయరుగారు అటుగా పోతున్న రిక్షా ఎక్కేశారు. ఆ మాట బరువు తెలిసిన మనిషి.

వెంకటప్పయ్యగారు కొట్టులోంచి లేచి వచ్చి బండిని చూడలేదు. కూర్చున్నచోటు నుంచే తీర్పు చెప్పాడు.

"తప్పెవరిదో నేను తేల్చనయ్యా. ఏటేటా డబ్బు కడుతున్నాం కదా, ఇన్సూరెన్సువాళ్లు తేలుస్తారు. నీది కాదని కాయితం వస్తే బండి నడుపుకో. నీదని వస్తే తాళాలు ఇక్కడ పెట్టి వెళ్లు."

"పదకొండేళ్లుగా చూస్తున్నారు కదండీ నన్ను."

"చూస్తున్నాను. చూసింది ఫైల్లో పెట్టుకోరు కదా జక్కయ్యా."

ఆ సాయంత్రమే తెలిసింది, లారీ యజమాని తన ఇన్సూరెన్సువాళ్లకి అప్పుడే రాసి ఇచ్చాడని. టాక్సీవాడు చెయ్యి చూపించకుండా తిరిగాడని అందులో ఉంది. తాళాల సంగతి జక్కయ్యని అంతగా బాధపెట్టలేదు. ఆ వాక్యం పెట్టింది. చెయ్యి చూపించలేదని తనని అనడం, చేపకి ఈత రాదనడం లాంటిదని అమలమ్మతో అన్నాడు. అమలమ్మ చేప ధర ఎంతుందో చెప్పింది.

బండిని ఆటోనగర్‌లో రేకుపని చేసే హనుమయ్య షెడ్డులో పెట్టి జక్కయ్య ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్లాడు. గవర్నర్‌పేటలోనే, ఒక లాడ్జి పక్క మేడ మీద. మొదటిరోజు తప్పు బల్ల దగ్గర నిలబడ్డాడు. రెండోరోజు సరైన బల్ల దగ్గర నిలబడ్డాడు, బల్లకి మనిషి లేడు. మూడోరోజు మనిషి ఉన్నాడు, ఫారాలు లేవు. సాయంత్రానికి బెజవాడలో మిగిలిన ఆఖరి ఫారం ఒక బీరువా కింద దొరికింది. ఒక మూల విరిగిన కోడుకి ఎత్తుగా మడిచి పెట్టారు దాన్ని. గుమాస్తా దులిపి ఇచ్చాడు. జక్కయ్య బీరువా వైపు చూశాడు. బీరువా కొంచెం ఒరిగింది.

ఫారంలో ముప్ఫై ఒక్క ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. గుమాస్తా తెలుగులో చదివాడు. పద్నాలుగోది: మలుపు తిరుగుటకు ముందు సంకేతము ఇవ్వబడినదా? తన జీవితంలో ఒకళ్లు ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. జక్కయ్య లేచి నిలబడి, "ఇచ్చానండి" అన్నాడు.

"కూర్చునే చెప్పొచ్చు," అన్నాడు గుమాస్తా. "మీరు ఇచ్చానంటారు, వాళ్లు ఇవ్వలేదంటారు. సర్వేయరుగారు వచ్చి సొట్ట చూస్తారు. సొట్ట చెబుతుంది ఎవడు ఎవణ్ణి గుద్దాడో. అంతవరకూ బండి ముట్టుకోకూడదు. ఇదిగో, పైనే రాసి ఉంది."

యజమాని సంతకం కోసం జక్కయ్య ఆ ఫారాన్ని చొక్కా లోపల పెట్టుకుని ఆటోనగర్ వెళ్లాడు. షెడ్డు బయట బండి నిలబడి ఉంది. కుడివైపు వెనక తలుపు అద్దంలా ఉంది. సొట్ట లేదు. పైన నల్లరంగు కూడా ఆరింది. హనుమయ్య పక్కన స్టూలు వేసుకుని, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆటోనగర్‌లో రేకుపని చేసేవాళ్లకి ఒక నమ్మకం ఉంది. సొట్టపడిన రేకుకి తన పాత ఆకారం మూడురోజులే గుర్తుంటుంది. ఆలోపల సుత్తి పడితే తనంతట తనే వెనక్కి వస్తుంది. దాటితే మరిచిపోతుంది, ఇంక ఎంత కొట్టినా పుట్టీతో నింపుకోవలసిందే. పరాయి బండయితే హనుమయ్య వారం రోజులు తిప్పేవాడు. స్నేహితుడి బండి కనుక ఆ మూడురోజులూ మిగతా పనులు పక్కన పడేసి దీనిమీదే కూర్చున్నాడు.

"చూడవోయ్ జక్కయ్యా, చెయ్యి పెట్టి చూడు. ఎక్కడ తగిలిందో చెప్పు, నా పేరు మార్చుకుంటా."

జక్కయ్య ఫారం తీసి చూపించాడు. హనుమయ్యకి ఇంగ్లీషు రాదు. జక్కయ్య చెప్పాడు. హనుమయ్య చాలాసేపు తలుపు వైపు చూశాడు. తర్వాత ముఖం వెలిగింది.

"దానికేముంది! ఆ సొట్ట నాకు కళ్లకి కట్టినట్టుంది. ఎక్కడెక్కడ ఎంతెంత లోతో ఒక్కొక్కటీ నేనే కదా తీసింది. వరస తిరగేసి మళ్లీ పెట్టేస్తాను. ఒక్క గంట. సర్వేయరు కాదు, వాడి తాత వచ్చినా పట్టుకోలేడు."

సుత్తి చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"వద్దు హనుమయ్యా."

"ఏం? నిజం సొట్టే కదా?"

"లారీవాడు పెట్టింది నిజం సొట్ట. ఇది నీ సొట్ట అవుతుంది."

"ఓరి నీ దుంపతెగ! నిజానికే కదా సాయం చేస్తానంటున్నది."

జక్కయ్య ఒప్పుకోలేదు. హనుమయ్య సుత్తి కింద పెట్టాడు. ఆ రోజు కూలి పుచ్చుకోలేదు, మాట్లాడనూ లేదు.

సర్వేయరు మాణిక్యంగారు పందొమ్మిదో రోజున గొడుగేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సొట్ట ఏదండీ?"

"తీసేశారండి," అన్నాడు జక్కయ్య.

"ఎవరు?"

"నేనేనండి," అన్నాడు హనుమయ్య, దాచుకోలేని గర్వంతో. "ఎక్కడుండేదో కనిపెట్టండి చూద్దాం."

మాణిక్యంగారు కళ్లద్దాలు సర్దుకుని తలుపంతా తడిమాడు. వంగి ఏటవాలుగా చూశాడు. "ఏమీ లేదు," అన్నాడు.

"ఆ మాట కాయితం మీద రాయండి సార్," అన్నాడు హనుమయ్య.

మాణిక్యంగారు రాశాడు. బండికి నష్టము కనిపించలేదు. తర్వాత జక్కయ్య వైపు తిరిగి పద్నాలుగో ప్రశ్న అడిగాడు.

"ఇచ్చానండి. చెయ్యి పూర్తిగా చాపాను."

"లారీ మీ కుడిపక్క నుంచేనా వచ్చింది?"

"అవునండి."

"ఏదీ, చెయ్యి చూపించండి."

జక్కయ్య చూపించాడు. మాణిక్యంగారు మణికట్టు దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, కూరగాయల బజారులో వంకాయని చూసినట్టు.

"గీత కూడా పడలేదు. చెయ్యి బయట ఉండగా లారీ వస్తే ఈ చెయ్యి ఉండకూడదు కదండీ. చెయ్యి ఉంది. అంటే బయట లేదు."

"ఆఖర్న లాక్కున్నానండి."

"లాక్కున్నారా. అయితే గుద్దే సమయానికి సంకేతం లేనట్టే కదా."

జక్కయ్య తన చేతివైపు చూసుకున్నాడు. అది పోయి ఉంటే తను నిర్దోషి. ఉన్నందుకు ఆఫీసువారు కొంచెం నొచ్చుకున్నట్టుంది.

"చూసినవాళ్లెవరైనా ఉంటే తీసుకురండి," అన్నాడు మాణిక్యంగారు, దయగానే. "వచ్చే గురువారం విచారణ. లారీవాళ్లనీ పిలిచాం."

పేరైనా చెప్పకుండా పోయిన లాయరుగారు కాక, చూసినవాడు ఒక్కడే. జక్కయ్య స్టేషనుకి వెళ్లాడు. పార్సిళ్ల ప్లాట్‌ఫారం మీద ఐసు నీళ్లు కారుతున్న పెట్టెల మధ్య రాముడు బీడీ కాలుస్తున్నాడు. చూసి బీడీ దాచాడు.

"ఆ రోజు నాతో అన్నమాట గురువారం ఆఫీసులో అంటావా?" అన్నాడు జక్కయ్య.

"ఏ మాటండీ?"

"చెయ్యి కనపడిందని."

రాముడు పెట్టె మీద గోరుతో గీస్తూ నిలబడ్డాడు. "అంటే లారీ పోద్దండి. కనపళ్లేదని చెప్పమని మా షావుకారు మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు."

"అనకపోతే?"

"మీ బండి పోద్ది."

"బండి సంగతి కాదయ్యా," అన్నాడు జక్కయ్య. ఇంకేమీ అడగలేదు. అడిగితే తనూ అప్పజెప్పించుకున్నట్టవుతుంది. తిరిగి వచ్చాడు.

గురువారం ఆఫీసులో ఫ్యాను తిరగలేదు. ఒక పక్క జక్కయ్య. ఇంకో పక్క లారీ యజమాని గుమాస్తా, అతని వెనక ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న రాముడు. రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"టాక్సీ డ్రైవరు చెయ్యి చాపాడా?" అని మాణిక్యంగారు అడిగాడు.

గుమాస్తా దగ్గాడు. రాముడు నేలవైపు చూశాడు. తర్వాత జక్కయ్య వైపు కాదు, జక్కయ్య చేతివైపు చూశాడు.

"చాపారండి. నేను చూశానండి."

జక్కయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. గుమాస్తా దగ్గడం మానేశాడు.

"చూసి ఎందుకు ఆపలేదు?"

"వాన చూసుకుంటున్నారనుకున్నానండి. మబ్బుగా ఉందండి ఆ రోజు."

మాణిక్యంగారు కలం పక్కన పెట్టి ఆలోచించాడు. నిజాయితీపరుడు. తేలిగ్గా రాయడు.

"అంటే తిరుగుతాడని నీకు తెలియలేదు."

"తెలియలేదండి."

"సంకేతం అంటే ఏమిటి? అవతలివాడికి తెలియజెయ్యడం. తెలియలేదంటున్నావు. కనుక సంకేతం ఇవ్వబడలేదు." కలం తీసుకున్నాడు.

"సార్," అన్నాడు జక్కయ్య. గొంతు కొంచెం లేచింది. "నేను మీకు నమస్కారం పెట్టాననుకోండి. మీరు చూసి, దోమని కొడుతున్నాడనుకున్నారనుకోండి. నేను పెట్టినట్టా, పెట్టనట్టా?"

మాణిక్యంగారు ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆలోచించాడు.

"నమస్కారానికి ఫారం లేదండీ," అన్నాడు.

పద్నాలుగో ప్రశ్నకి ఎదురుగా 'లేదు' అని రాసి, కింద సంతకం చేశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

పన్నెండు రోజులకి వెంకటప్పయ్యగారి పేర ఉత్తరం వచ్చింది. జక్కయ్యని కొట్టుకి పిలిపించాడు. ఉత్తరంలో మూడు పేరాలు. మొదటిది: వాహనమునకు నష్టము కనిపించనందున ఏమియు చెల్లించబడదు. రెండోది: మీ డ్రైవరు సంకేతము ఇవ్వలేదు. మూడోది: ఏమియు చెల్లించబడనందున, పై సంవత్సరపు ప్రీమియములో తమకు రావలసిన తగ్గింపు యథాతథముగా కొనసాగును.

వెంకటప్పయ్యగారు మూడో పేరా రెండుసార్లు చదివాడు. "శభాష్. హనుమయ్య భలేపని చేశాడయ్యా. సొట్ట ఉంటే తగ్గింపు పోయేది."

"రెండో పేరా చూశారాండీ?" అన్నాడు జక్కయ్య. తాళాలు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఇవెందుకు?"

"తప్పు నాదని వస్తే పెట్టమన్నారు కదండీ."

"అన్నానా? అది నీకూ వాళ్లకీ మధ్య గొడవయ్యా. నాకేం పోయింది? వెళ్లు, వెళ్లు, మెయిలు టైమయింది."

జక్కయ్య తాళాలు తీసుకున్నాడు. ఉత్తరం ఒకసారి చేతికివ్వమని అడిగి, రెండో పేరా మీద బొటనవేలు పెట్టి కాసేపు నిలబడి, తిరిగి ఇచ్చేశాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. టాక్సీ స్టాండులో తోటి డ్రైవర్లు "పెద్దాయనా, వాన పడుతోందా?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లలో ఏడాదికి రెండుసార్లయినా ఎవర్నో ఒకర్ని గుద్దనివాడు లేడు. వాళ్లందరి ఫారాల్లోనూ పద్నాలుగో ప్రశ్నకి ఎదురుగా 'ఇవ్వబడినది' అని ఉంది.

మూడోరోజు సాయంత్రం హనుమయ్య షెడ్డు దగ్గర ఆ చేపల లారీ కనపడింది. ముందు బంపరు వంగి ఉంది. దిగినవాడు రాముడు కాదు.

"రాముణ్ణి ఆ గురువారమే దింపేశార్ట," అన్నాడు హనుమయ్య. మళ్లీ మాట్లాడుతున్నాడు. "వీడు నిన్న చేరిన కొత్తవాడు. చెప్పమన్నది చెప్తాడని పెట్టుకున్నారు. మొదటి ట్రిప్పులోనే బందరు కాలవ గోడకి పెట్టాడు. గోడే అడ్డమొచ్చిందని చెప్తున్నాడు. ఆ కళ ఉందిలే వీడికి."

జక్కయ్య ఇంటికి వచ్చి అమలమ్మకి చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఆ ముక్క రాయలేదని మీరు రెండు పూటలు అన్నం మానేశారు," అంది. "ఆ ముక్క చెప్పినందుకు ఆ పిల్లాడికి అన్నమే లేకుండా పోయింది. ఎక్కడుంటాడట?"

"కృష్ణలంకలో. అక్క దగ్గర."

ఆమె కంచం ముందుకి తోసింది. జక్కయ్య తిన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆరు కాకముందే బండి కడిగి కృష్ణలంక వెళ్లాడు. రాముడి అక్క మంగాయమ్మ గుమ్మం ముందు చేపల తట్టలు కడుగుతోంది. బండినీ మనిషినీ ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ చెయ్యాయన? మళ్లీ గుద్దించుకుందామనొచ్చారా? మావాడి దగ్గిరిప్పుడు లారీ లేదండీ."

రాముడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చి, చూసి, అక్కడే ఆగిపోయాడు. జక్కయ్య తాళాలు అతని చేతిలో పెట్టాడు.

"మధ్యాన్నం దాకా నువ్వు. తర్వాత నేను. వచ్చిందాంట్లో చెరిసగం."

"మీ షావుకారుగారికి చెప్పారాండీ?"

"తగ్గింపు పోనంతవరకూ ఆయనకేమీ కనపడదు."

"నేనే కదండీ మిమ్మల్ని..."

"ఎక్కు. మెయిలు టైమవుతోంది."

రాముడు తువ్వాలు అక్క భుజం మీద పడేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. జక్కయ్య కుడివైపు వెనక తలుపు తీసి లోపల కూర్చుని వేసుకున్నాడు. పదకొండేళ్లలో ఆ బండిలో వెనక సీటు మీద కూర్చోవడం అదే మొదలు. కింద ఏదో గుచ్చుకుంది. సీటులో స్ప్రింగు విరిగిందని ప్యాసింజర్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. బేరం తగ్గించడానికి అంటున్నారని అతను ఒక్కరినీ నమ్మలేదు. కొంచెం పక్కకి జరిగి, పోనిమ్మన్నాడు.